నాగ్‌పూర్ రోడ్డు కొసన గడ్డకట్టిన చెరువులు

మేడ్చల్ మీదుగా ఉత్తరానికి పోయే రోడ్డును పాతకాలం మనుషులు ఇప్పటికీ నాగ్‌పూర్ రోడ్డనే అంటారు. తూప్రాన్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ దాటించి మహారాష్ట్రలో దింపే దారి కనుక ఆ పేరు నిలిచిపోయింది. 2010 దాకా సర్కారు కాగితాల్లో ఇది వారణాసి నుంచి కన్యాకుమారి దాకా సాగే ఏడో నంబరు జాతీయ రహదారి. ఆ ఏడాది దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినప్పుడు దీనికి 44 దక్కింది. దాంతోపాటు ఉత్తరపు కొస వారణాసిని వదిలి శ్రీనగర్‌కు చేరింది. కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి మేడ్చల్ వైపు మళ్లే లారీ డ్రైవరు స్టీరింగు వదలకుండా అదే నంబరు వెంట పోతే దాల్ సరస్సున్న ఊళ్లో తేలుతాడు. రైలుదీ అంతే కథ. నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో, హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే వాళ్లు మన్మాడ్ దాకా వేసిన మీటర్ గేజ్ లైను మేడ్చల్‌ను తాకుతూ వెళ్లింది. ఉత్తరాదికి పోయే దారి పక్కనే ఉండటం ఈ ఊరికి కొత్త కాదు.

ఆ దారిన ఒంటరిగా బయల్దేరి, నడి చలికాలంలో గడ్డకట్టిన కొండ సరస్సు మీద స్కేటింగ్ చేసి రావాలన్న ఆలోచన ఒక తరం కిందట మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఎవరికీ వచ్చి ఉండదు. ఇప్పుడు వస్తే ఆశ్చర్యం లేదు. టికెట్లు ఫోన్లోనే దొరుకుతాయి, స్కేట్లు ఇంటికే వస్తాయి, సెలవు పెట్టుకుంటే చాలు. కానీ గడ్డకట్టిన నీటి వెనక ఒక పెద్ద చరిత్ర ఉంది. ఆ నీటిని నమ్మి దాని మీద అడుగుపెట్టిన జాతులు ఎన్నో తరాలపాటు నేర్చుకున్న పాఠాలు ఉన్నాయి. అవి తెలియకుండా వేసుకునే ప్లాను సగం ప్లానే.

శామీర్‌పేట పెద్ద చెరువు ఎన్నడూ గడ్డకట్టలేదు, కట్టదు కూడా. బేగంపేట వాతావరణ కేంద్రం లెక్కల్లో హైదరాబాద్ చూసిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. శివార్లలో పొలాల మీద చలి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది గానీ చెరువు నీటిని గడ్డకట్టించేంత ఉండదు. ఇక్కడి జనానికి చెరువంటే కట్ట, తూము, మత్తడి, శిఖం భూములు, బతుకమ్మలు, వినాయక నిమజ్జనాలు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ పొలానికి ఎంత నీరు వదలాలో, కట్ట ఎక్కడ ఊటెక్కుతోందో చూసుకోవడానికి ఊరికో నీరటి ఉండేవాడు. నీటిని చదవగలిగిన మనిషి అతను. ఈ నీరటిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఇతని అన్నదమ్ముడొకడు లద్దాఖ్‌లో ఎదురవుతాడు.

మంచుగడ్డ మాత్రం మన దేశానికి మరీ కొత్త వస్తువేమీ కాదు. ఉత్తరాది మైదానాల్లో, అలహాబాద్ చుట్టుపక్కల, యంత్రాలు రాకముందే ఐసు తయారుచేసేవారు. సర్ రాబర్ట్ బార్కర్ అనే సైనికాధికారి 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ పద్ధతిని వివరించాడు. బయలు ప్రదేశంలో రెండడుగుల లోతు గుంట తవ్వి, అడుగున చెరకు పిప్పి, ఎండిన మొక్కజొన్న కాడలు మందంగా పరిచేవారు. దాని మీద పావంగుళం మందం కూడా లేని పలచటి మట్టి మూకుళ్లను వరసగా పేర్చి, పొద్దుగూకే వేళ కాచి చల్లార్చిన నీళ్లు పోసేవారు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రుల్లో మూకుళ్లలోని వేడి పైకి, ఆకాశంలోకి పోతుంది. కింది నుంచి నేల వేడి తగలకుండా గడ్డి అడ్డుపడుతుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగకపోయినా తెల్లారేసరికి మూకుళ్లలో ఐసు పొర కట్టేది. సూర్యుడు రాకముందే కూలీలు దాన్ని సమ్మెటలతో కొట్టి, లోతైన గొయ్యిలో దట్టించి, గడ్డితో కప్పి ఎండాకాలం దాకా దాచేవారు. ఇంత తెలివైన పని చేసిన ఆ కూలీల పేర్లు ఏ పత్రికకూ ఎక్కకపోవడం బాధాకరం.

తెలుగువాళ్లకు అసలైన సరస్సు ఐసు పరిచయమైంది మద్రాసులో. అమెరికాలోని బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో 'టస్కనీ' అనే ఓడలో 180 టన్నుల ఐసు కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం, రెండుసార్లు భూమధ్యరేఖ దాటడం, ఇంత జరిగాక కూడా దాదాపు 100 టన్నులు కరగకుండా చేరాయి. వేడి తగలకుండా చుట్టూ కప్పిన పొరలే దాన్ని కాపాడాయి. 1840ల్లో మద్రాసు సముద్రతీరాన ఆ ఐసు నిల్వ చేయడానికి గుండ్రటి గోడల భవనం లేచింది. మద్రాసులో చదువుకున్న, కొలువు చేసిన తరాల తెలుగువాళ్లు ఐస్ హౌస్ అని పిలుచుకున్నది దాన్నే. 1897లో వివేకానందుడు అందులో బస చేశాడు, ఇప్పుడది ఆయన స్మారకం. ఆ ఐసు ఎక్కడిదంటే, మసాచుసెట్స్‌లోని ఫ్రెష్ పాండ్ వంటి సరస్సులది. నతానియెల్ వైత్ తయారుచేసిన ఐసు నాగలికి గుర్రాలను కట్టి, సరస్సును చదరాలుగా గీసి, దిమ్మెలుగా కోసేవారు. హెన్రీ డేవిడ్ థోరో తన ఊరి వాల్డెన్ సరస్సులో జరిగిన ఆ కోతను చూసి 1854లో అచ్చయిన పుస్తకంలో రాశాడు, మద్రాసు పేరు కూడా తలచాడు. 1870ల్లో ఆవిరి యంత్రాలతో ఐసు చేసే కంపెనీలు మన రేవుల్లోనే వెలియడంతో ఆ వ్యాపారం ఆగిపోయింది. మనవాళ్లు గడ్డకట్టిన సరస్సు దాకా వెళ్లకముందే ఆ సరస్సు ముక్కలై మన తీరానికి వచ్చిందన్నమాట.

సరస్సు మీద ఐసు కోసిన చోటే జనం స్కేటింగూ చేసేవారు. ఉత్తర ఐరోపాలో ఈ విద్య పురాతనమైనది. మొదట్లో జంతువుల ఎముకలను చదును చేసి పాదాలకు కట్టుకుని, కర్రతో ఐసును తోస్తూ జారేవారు. తర్వాత నెదర్లాండ్స్‌లో చెక్కకు ఇనుప పట్టీ బిగించిన స్కేటు వచ్చింది. దాంతో కర్ర అవసరం తప్పింది, ఇనుము అంచుతోనే ఐసును తోయడం సాధ్యమైంది. డచ్చివాళ్లకిది ఆట కన్నా ముందు అవసరం. చలికాలంలో కాలువలు గడ్డకడితే పడవలు ఆగిపోతాయి. సంతకు, చర్చికి, చుట్టాలింటికి స్కేట్ల మీదే పోవాలి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 1740ల నాటికే స్కేటింగ్ క్లబ్ ఉంది.

బ్రిటిష్‌వాళ్లు ఆ సరదాను మన కొండలకు మోసుకొచ్చారు. సిమ్లాలో లక్కర్ బజార్ కింద 1920లో మొదలైన రింకు దానికి గుర్తు. బ్లెస్సింగ్టన్ అనే ఆయన టెన్నిస్ కోర్టులో నీళ్లు రాత్రికి రాత్రి గడ్డకట్టడం చూసి ఆ ఏర్పాటు చేశాడని చెబుతారు. నూరేళ్లకు పైగా అక్కడ జరిగిన పని చాలా సాదాది, చాలా ఓపికతో కూడినది. రాత్రిపూట సిబ్బంది నేల మీద పలచగా నీళ్లు చల్లుతారు. ఆ పొర గడ్డకట్టాక మళ్లీ చల్లుతారు. ఒక్కసారే ఎక్కువ నీళ్లు పోస్తే పైపొర గట్టిపడి లోపల నీరు మిగిలిపోతుంది. అందుకే పొర మీద పొర. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత ఆడతారు, మధ్యలో ఎండకు ఐసు మెత్తబడుతుంది కనుక వదిలేస్తారు. ఆకాశం మబ్బు పట్టిన రాత్రి ఐసు సరిగా కట్టదు. అలహాబాద్ మూకుళ్లకు వర్తించిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

కాశ్మీర్ సంగతి వేరు. 1960ల్లో ఒక చలికాలం దాల్ సరస్సు మీద జీపు నడిచిందని శ్రీనగర్ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021 జనవరిలో మూడు దశాబ్దాల్లో లేనంత చలి పడి, 14వ తేదీన ఉష్ణోగ్రత మైనస్ 8.4కు దిగినప్పుడు దాల్ మళ్లీ గడ్డకట్టింది. జనం సరదాపడ్డారు, అధికారులు మాత్రం ఐసు మీదకు వెళ్లొద్దని హెచ్చరించారు. వాళ్లు చేసింది సరైన పని. పైగా కాశ్మీర్‌లో మంచు విపరీతంగా కురుస్తుంది. ఐసు మీద మంచు పడితే అది దుప్పటిలా కప్పేసి అడుగున ఐసు మందం పెరగనీయదు, పగుళ్లను కనిపించనీయదు.

స్కేటింగుకు అసలైన చోటు జోజిలా కనుమకు అవతల ఉంది. లద్దాఖ్ చల్లటి ఎడారి. లేహ్‌లో ఏడాది మొత్తానికి వాన, మంచు కలిపి పడేది వంద మిల్లీమీటర్ల చుట్టూనే. చలి మాత్రం మైనస్ 20 దాకా దిగుతుంది. మంచు పెద్దగా కురవదు, చలి ఎక్కువ, అందుకే అక్కడి నీళ్లు నల్లగా, గాజులా, శుభ్రంగా గడ్డకడతాయి.

అక్కడి ఊళ్లలో కొండ నుంచి కరిగి వచ్చే నీటిని నిలవ చేసుకునే చిన్న చెరువుల్ని జింగ్ అంటారు. ఆ నీటిని వంతులవారీగా పొలాలకు పంచే మనిషి చుర్‌పోన్. మన నీరటి చేసే పనే అతనూ చేస్తాడు, ఊరంతా అతని మాట వింటుంది. ఎండాకాలం బార్లీ పొలాలను తడిపే నీళ్లు చలికాలం పిల్లల ఆటస్థలమవుతాయి. 1970ల్లో సైనికుల వల్ల ఐస్ హాకీ అక్కడ వేళ్లూనుకుంది. స్కేట్లు దొరక్క సైనికుల బూట్లకు ఇనుప పట్టీలు బిగించుకుని ఆడిన తరం అది. లేహ్‌లోని కర్జూ చెరువు, ఊరి బయట గుపుక్స్ చెరువు ఆ ఆటకు తొలి మైదానాలు. అక్కడ ఆడిన ఆడపిల్లలే ఎక్కువగా ఉన్న భారత మహిళల జట్టు 2016లో తైపేలో మొదటి అంతర్జాతీయ టోర్నీ ఆడింది. 2017లో బ్యాంకాక్‌లో తొలి గెలుపు, 2025లో అల్ అయిన్‌లో ఆసియా కప్ కాంస్యం. కృత్రిమ రింకులు సరిగా లేని దేశం నుంచి, ఏడాదికి రెండు నెలలే గడ్డకట్టే చెరువుల మీద నేర్చుకుని గెలిచిన పతకం అది. దీనికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

హైదరాబాద్ స్కేటింగ్ నేర్చుకున్నది చక్రాల మీద. ఇందిరా పార్కు రింకులోనూ, కాలనీల సిమెంటు రోడ్ల మీదా తెల్లవారుజామున పిల్లలు చక్రాల బూట్లేసుకుని తిరగడం నగరానికి అలవాటైన దృశ్యం. ఈ నగరం నుంచే వచ్చిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగులో కాంస్యం సాధించి, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ తెరుచుకున్నాక నగరవాసులకు మైనస్ డిగ్రీల గాలి, కాలికింద ఐసు మొదటిసారి అందాయి. 2020లో మొదలైన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు ఈ రెండు లోకాలనూ కలిపాయి. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన పోటీల్లో తెలంగాణ తరఫున దిగిన నయనశ్రీ తాళ్లూరి ఐస్ స్కేటింగులో స్వర్ణం గెలిచింది. చెరువు ఎన్నడూ గడ్డకట్టని రాష్ట్రానికి ఇది చిన్న విషయం కాదు.

చక్రాల మీద నేర్చుకున్నవాళ్లకు సమతూకం వస్తుంది, వంగడం వస్తుంది, పడటం కూడా వస్తుంది. కాలికింద నేల నమ్మదగినదా కాదా అని చూసుకోవడం మాత్రం రాదు. సిమెంటు ఎన్నడూ విరగదు కదా. రింకు ఐసూ అంతే, దాని కింద కాంక్రీటు ఉంటుంది. సహజమైన సరస్సు మీద ఐసు కింద ఉండేది చీకటి నీళ్లే.

ఆ తేడా ఏమిటో తెలుగువాళ్లకు ఒక విషాదం చూపించింది. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఏడున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న వుడ్స్ కాన్యన్ సరస్సు మీద నడుస్తుండగా ఐసు విరిగి ముగ్గురు మునిగిపోయారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలవారు. పండగ సెలవులకు పిల్లాపాపలతో మంచు చూడటానికి వెళ్లారు. అరిజోనా ఎడారి రాష్ట్రం, అక్కడి కొండల మీద ఐసు ఒకరోజు కట్టి మరునాడు పలచబడుతుంది. వాళ్లది నిర్లక్ష్యమని అనడం అన్యాయం. చెరువు గట్టున పుట్టిపెరిగిన మనిషికి నీటి లోతు గురించి చెప్పేవాళ్లు ఉంటారు గానీ ఐసు మందం గురించి చెప్పేవాళ్లు ఎవరుంటారు?

చెప్పేవాళ్లు ఉన్న చోట్ల ఏం చెబుతారో చూడాలి. స్టాక్‌హోమ్‌లో 1901లో పుట్టిన దూరప్రయాణ స్కేటింగ్ క్లబ్ తన సభ్యులకు నేర్పే మొదటి సూత్రం, ఐసు మీదకు ఒంటరిగా వెళ్లకూడదని. చేతిలో ఉక్కు మొన ఉన్న కర్ర ఉండాలి, దానితో కొడితే ఐసు మందం చెయ్యికి తెలుస్తుంది. మెడలో రెండు చిన్న ఇనుప మేకుల పిడులు వేలాడాలి, నీళ్లలో పడితే వాటిని అంచున గుచ్చి పైకి ఎగబాకాలి. వీపున సంచిలో పొడిబట్టలు నీరు చొరకుండా కట్టి ఉండాలి, పడినప్పుడు ఆ సంచే తేలుస్తుంది. విసిరే తాడు ఉండాలి, దాన్ని విసరడానికి ఇంకో మనిషి ఉండాలి. ఒంటరివాడికి చివరిది ఎక్కడి నుంచి వస్తుంది?

లద్దాఖ్ సంప్రదాయమూ ఇదే మాట చెబుతుంది. జంస్కార్ లోయ మనుషులు తరతరాలుగా చలికాలంలో గడ్డకట్టిన నది మీద, చాదర్ దారిన, వెన్న మోసుకుని లేహ్‌కు నడిచేవారు. ఎవరూ ఒక్కరే వెళ్లేవారు కారు. అనుభవస్తుడు ముందు నడుస్తూ కర్రతో ఐసును తట్టి చూసేవాడు, ఆ చప్పుడును బట్టి మిగతావాళ్లు అతని అడుగులోనే అడుగు వేసేవారు. రాత్రి గుహల్లో కలిసి నిప్పు వేసుకునేవారు. 2023 ఫిబ్రవరి 20న పాంగాంగ్ సరస్సు మీద లుకుంగ్ నుంచి మాన్ గ్రామం దాకా 21 కిలోమీటర్ల పరుగు జరిపి గిన్నిస్ రికార్డు పొందినప్పుడు కూడా అదే జాగ్రత్త పాటించారు. పరుగెత్తినవాళ్లు 75 మందే. వాళ్ల కోసం ముందే ఐసు పరీక్షించి, దారి గుర్తించి, వైద్యులను నిలబెట్టారు.

పాంగాంగ్ ఉప్పునీటి సరస్సు, సముద్రమట్టానికి 4,200 మీటర్లకు పైన ఉంది. ఉప్పు కలిసిన ఐసు మంచినీటి ఐసంత గట్టిగా ఉండదు. వాగులు కలిసే చోట, ఊటలున్న చోట, బండరాళ్ల పక్కన పలచగా ఉంటుంది. శుభ్రమైన నల్ల ఐసు పది సెంటీమీటర్లుంటే మనిషి బరువు మోస్తుందని చలిదేశాల లెక్క. మంచు కలిసిన తెల్ల ఐసు దాని బలంలో సగమే. పాంగాంగ్ దగ్గర గాలిలో ఆక్సిజన్ మన శామీర్‌పేటలో దొరికే దానిలో మూడింట రెండు వంతుల లోపే. చన్నీళ్లలో పడిన మనిషికి ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు పనిచేసేది పది నిమిషాలు, స్పృహ తప్పేందుకు దాదాపు గంట అని కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెబుతాడు. ఆ పది నిమిషాల్లోనే బయటపడాలి.

సహజమైన ఐసు మీద స్కేటింగు చేసే ఆచారానికే ఇప్పుడు కాలం కలిసిరావడం లేదు. నెదర్లాండ్స్‌లో పదకొండు ఊళ్లను చుట్టే దాదాపు 200 కిలోమీటర్ల స్కేటింగ్ పందెం 1909లో మొదలైంది. చివరిసారి జరిగింది 1997 జనవరి 4న. కాలువలు చాలినంత మందంగా గడ్డకట్టకపోవడంతో డచ్చివాళ్లు 1989 నుంచే ఆస్ట్రియా కొండల్లోని వైసెన్‌సీ సరస్సు మీద ప్రత్యామ్నాయ పందెం పెట్టుకుంటున్నారు. సిమ్లాలోనూ ఆడే రోజులు తగ్గుతున్నాయి. ఎవరికైనా వెళ్లాలని ఉంటే వాయిదా వేయకపోవడమే మంచిది.

మేడ్చల్ నుంచి ఒంటరిగా బయల్దేరడంలో తప్పేమీ లేదు. చలికాలంలో మనాలి దారి మూసుకుపోతుంది, జోజిలా దారినీ మంచు అడ్డుకుంటుంది. కనుక చలికాలంలో ఢిల్లీ మీదుగా విమానమే దిక్కు. లేహ్‌లో దిగాక రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలి, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడనివ్వాలి. మూడో రోజు గుపుక్స్ చెరువుకు పోయి, తెల్లారకముందే సాధన చేసే అక్కడి పిల్లలతో కలిసి ఆడండి, ఐసు సంగతి వాళ్ల కోచ్‌లను అడగండి. పెద్ద సరస్సుకు పోవాలనిపిస్తే ఆ ఊరి మనిషిని వెంటబెట్టుకుని, అతను సరేనన్న చోటే స్కేట్లు కట్టుకోండి. వద్దంటే ఒడ్డునే ఉండి సరస్సును చూసి రండి.